గడప దాటిన నూకాలమ్మ

రజనీకుమారి మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో లెక్కలు చెబుతుంది. సెలవులు అయిపోయాయి. భిలాయి నుంచి రాయపూర్ విమానాశ్రయానికి తమ్ముడు నూకరాజు కారు నడుపుతున్నాడు. వెనుక సీట్లో ఆమె పక్కన తల్లి అప్పలకొండ.

దారిలో కుమ్హారి దగ్గర ముందున్న లారీలు ఆగిపోయి కారూ ఆగింది. చేతిసంచి మరీ బరువనిపించి రజని ఒళ్ళో పెట్టుకుని విప్పింది. తల్లి చెయ్యి అడ్డం వచ్చింది.

“ఎందుకలా కెలుకుతావు? సింతపండే.”

“ఇంత బరువేటమ్మా?”

“ఉప్పేసి దంచినాను. బరువుండదేటి?”

నూకరాజు అద్దంలో చూశాడు. “దీదీ, అమ్మ మొహం చూడు. పక్కా ఏదో గడ్‌బడ్.”

రజని చింతపండు ముద్దను విరిచింది. లోపల ఇత్తడి. అరచేతిలో పట్టే నూకాలమ్మ. పెళ్ళయి అనకాపల్లి నుంచి వచ్చేటప్పుడు అప్పలకొండ ట్రంకుపెట్టెలో తెచ్చుకున్న ఇంటి దేవత.

ఆ దేశంలోకి పూజావిగ్రహాలు తీసుకుపోకూడదు. సామానంతా యంత్రంలో చూస్తారు. దొరికితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ జీతం మీద ఆమె ఒంటరి బతుకు నిలబడి ఉంది.

“చెప్పాను కదమ్మా.”

“సెప్పినావు. అందుకే దాసినాను.”

“మెషీన్‌లో కనబడిపోతుంది.”

“సింతపండులో ఎవులు సూస్తారు?”

“ఎక్స్‌రేకి పులుపు తెలీదమ్మా,” అన్నాడు నూకరాజు.

“ఇంటికి తీసుకుపో,” అంది రజని.

“పసుపు రాసి, గడప దాటించి సాగనంపినాను. మళ్ళీ ఆ గడపలోకి ఎలా తెస్తాను?”

సాగనంపిన దేవతను వెనక్కి తేకూడదు. వాళ్ళింట్లో అది ఎవరూ తప్పని కట్టుబాటు. రజనికీ తెలుసు.

“దీపం నేదు, గంట నేదు. ఎవుల్ని తలుసుకుని బతుకుతావే అక్కడ?”

రజని చెప్పింది. మధ్యాహ్నం మసీదు నుంచి బాంగు వినబడగానే పిల్లలు నమాజుకు వెళ్ళిపోతారు. ఖాళీ తరగతిలో బోర్డు తుడుస్తూ ఆమె నూకాలమ్మ తల్లిని తలుచుకుంటుంది. పెదవులు కదలనివ్వదు. మొదట్లో అది దొంగతనంలా ఉండేది. ఇప్పుడు పూజంటే అదే అనిపిస్తోంది.

“బొమ్మ నేకండానా?”

“లేకుండానే.”

అప్పలకొండ విగ్రహాన్ని లాక్కుంది. తలుపు తీసి, సీసాలో నీళ్ళతో చింతపండు పోయేదాకా కడిగింది. కొంగుతో తుడిచింది.

“అయితే ఈ తల్లి నీకక్కర్నేదు.”

“అలా అన్నానా?”

“మరేటన్నావు?”

ముందు లారీ కదిలింది. నూకరాజు కారు పోనిచ్చాడు.

విమానాశ్రయం దగ్గర నూకరాజు సామాను దించాడు. అప్పలకొండ కారు దిగలేదు.

“తల్లిని ఎక్కడ పెడతావమ్మా?” రజని కిటికీలోంచి అడిగింది.

“ఈ బండిలోనే. ఇది ఇల్లు కాదు గదా.”

“నా కార్లోనా?” అన్నాడు నూకరాజు.

“నీ పేరెవులిదిరా?”

అతను డిక్కీ మూశాడు.

రజని తలుపు తీసి తల్లి కాళ్ళకు దండం పెట్టబోయింది. అప్పలకొండ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

“మనసులో ఎట్టుకో. అలవాటే గదా.”

రజని చేతులు దించేసింది. తలుపు మూసింది. సంచి భుజానికి వేసుకుని నడిచింది. లోపలికి వెళ్ళాక అద్దాల్లోంచి వెనక్కి చూసింది. కారు అక్కడే ఉంది. కదలమని సెక్యూరిటీవాడు బానెట్ మీద తడుతున్నాడు.