నాలుగు మూలలా పసుపు

మొన్న అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో ఉన్న మా అమ్మాయి ఇంట్లో మనవరాలు డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తన బొమ్మలన్నీ ఒక ఆర్ట్ కాలేజీకి అప్‌లోడ్ చేస్తోంది. ఇప్పుడు అప్లికేషన్ అంటే అంతే. బొమ్మని ఫోన్‌తో ఫొటో తీయడం, ఒక బటన్ నొక్కడం, తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "మా రోజుల్లో బొమ్మలు మోసుకుని వెళ్ళేవాళ్ళమే" అన్నాను. పెద్దవాళ్ళు "మా రోజుల్లో" అనగానే పిల్లలు ముఖం ఎలా పెడతారో అదీ అలాగే పెట్టింది. కానీ పాపం, దాని ప్రాణమంతా ఆ చక్రంలోనే ఉంది, కాసేపు ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి దానికి. "నీకు సీట్ ఎలా వచ్చింది అమ్మమ్మా?" అంది. "మా మావగారి పసుపు వల్ల" అన్నాను. "వాట్?" అని ల్యాప్‌టాప్ సగం మూసింది.

అది అమెరికా తూర్పు తీరంలో మంచు ఎక్కువగా పడే ఒక పాత ఊరు. డెబ్బయ్యో దశకం ముగింపుకి వస్తున్న రోజులు. మావారు వంతెనలు డిజైన్ చేసే కంపెనీలో ఇంజినీరు. నేను ఆయన వీసాకి తోకలా వెళ్ళినదాన్ని, ఉద్యోగం చేసే వీలు లేదు, చదువుకునే వీలుంది. విశాఖపట్నంలో బొమ్మల చదువు సగంలో ఉండగా పెళ్ళయింది. మిగతా సగం ఎక్కడైనా దొరుకుతుందేమోనని కిటికీలోంచి మంచు చూస్తూ ఆలోచించేదాన్ని. మా అపార్ట్‌మెంట్ నుంచి రెండు వీధులు దాటితే ఎర్ర ఇటుకల ఆర్ట్ స్కూలు ఒకటుండేది. పంతొమ్మిదో శతాబ్దంలో కట్టింది. కట్టించిన ధర్మాత్ముడు తన నియమాలు మారిస్తే భవనం తన వారసులకి పోతుందని వీలునామాలో రాసి మరీ పోయాడట. అందుచేత లోపల ప్రొఫెసర్లు జుట్లు పెంచుకుని, చిరిగిన జీన్స్ వేసుకుని, ఎంత మోడరన్ మాటలు చెప్పినా, చదువు మాత్రం ఆయన చెప్పిన వరసలోనే సాగేది. మొదటి ఏడాది అంతా ప్లాస్టర్ బొమ్మలు చూసి వేయడమే. ముందు ఒక ముక్కు. అది కుదిరాక చెవి. ఆ తర్వాత పాదం. ముక్కు దగ్గరే తిరగబడి వెళ్ళిపోయిన కుర్రాళ్ళు చాలామంది ఉన్నారని చెప్పుకునేవారు. రెండో ఏడాదిలోగానీ ప్రాణమున్న మనిషి ఎదురుగా నిలబడడు.

అడ్మిషన్‌కీ ఆయన నియమాలే. బొమ్మలు పోస్టులో పంపకూడదు, స్వయంగా తీసుకెళ్ళాలి. పొడుగాటి ఓక్ బల్ల మీద వరసగా పరిచి గోడ పక్కన నిలబడాలి. అడిగితే తప్ప నోరు విప్పకూడదు. రెండుసార్లు కాదన్నారంటే మూడోసారి ఆ గుమ్మం తొక్కే వీలు లేదు. నేను అప్పటికే ఒకసారి కాదనిపించుకున్నాను. ఆ ఏడాది నా బొమ్మలన్నీ చూసి, వెండిజుట్టు ప్రొఫెసరమ్మ ఒకావిడ కళ్ళజోడు తీసి మెళ్ళో గొలుసుకి వదిలేసి, "చెయ్యి చాలా బాగుంది. మనిషి కనబడలేదు" అంది. ఏ మనిషి కనబడలేదో నాకు అర్థం కాలేదు. నేను పరిచినవి గిన్నెలు, కుర్చీలు, గుమ్మడికాయలు. ఇంటికొచ్చి మూడు రోజులు ఏడ్చాను. మావారు ఓదార్చడానికి వంతెనల లెక్కలు చెప్పారు. అదే ఆయనకి తెలిసిన ఓదార్పు.

మరుసటి ఏడాది రెండో ప్రయత్నం, అంటే ఆఖరి ప్రయత్నం. సరిగ్గా అప్పుడే మా మావగారు మాతో ఆరునెలలు ఉండడానికి వచ్చారు. కృష్ణాజిల్లాలో పోస్ట్‌మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. చేతికర్ర, మంకీ క్యాప్, ఎదుటివాడు తెల్లవాడైనా నల్లవాడైనా చేతులు జోడించి నమస్కారం. ఆయనకి దేవుడి మీద ఎంత నమ్మకమో చెప్పలేను గానీ, పసుపు మీద మాత్రం గట్టి నమ్మకం. "అమ్మాయ్, నా సర్వీసంతా చూశాను. నాలుగు మూలలా పసుపు పెట్టిన కవరు ఒక్కటంటే ఒక్కటి దారితప్పలేదు. అడ్రసు సగం చెరిగిపోయినా సరే, మా పోస్టుమాన్‌లు ఇల్లిల్లూ అడిగి ఇచ్చొచ్చేవాళ్ళు. ఎందుకనీ? లోపల శుభవార్త ఉందని వాళ్ళకి తెలుసు గనక" అనేవారు. అమెరికాలో కూర్చుని తెనాలిలో ఉన్న కూతురికి వారం వారం రాసే ఎయిరోగ్రామ్‌కి కూడా వంటింటి బల్ల మీద పోపులపెట్టె దగ్గర పెట్టుకుని నాలుగు మూలలా పసుపు పెట్టేవారు. ఇక్కడి పోస్టాఫీసువాళ్ళు దాన్ని చూసి ఏమనుకునేవారో తెలీదు. అన్నీ అందేవి మాత్రం నిజం.

ఆ స్కూలు వాళ్ళు ఇచ్చే చిన్న పుస్తకంలో పాత చరిత్ర కొంచెం ఉండేది. మావగారు కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివారు. అందులో ఒక చోట, మొదటి రోజుల్లో ఆడపిల్లల క్లాసులోకి బట్టల్లేని మనిషిని తీసుకురావడం మర్యాద కాదని, ఆవుని తీసుకొచ్చి నిలబెట్టేవారని ఉంది. ఆయన ఆనందానికి హద్దు లేదు. "చూశావురా? గోవుని పెట్టి నేర్పించారు. ఎంత సంప్రదాయమైన కాలేజీ!" అని మావారితో అన్నారు. ఆ ఆవు పోయి వందేళ్ళయిందనీ, ఇప్పుడు ఆడా మగా ఒకే క్లాసులో కూర్చుంటారనీ, ఎదురుగా నిలబడేది ఆవు కాదనీ ఆయనకి ఎవరు చెప్పాలి? మావారు నా వైపు చూశారు, నేను పప్పు గిన్నె వైపు చూశాను. మర్నాడు తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే భారత సంఘం పాట్‌లక్‌లో మావగారు, "మా కోడలు ఆవు బొమ్మలు వేసే కాలేజీలో చేరబోతోందండీ" అని అందరికీ చెప్పారు. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ఆ ఊళ్ళో తెలుగు పిల్లలకి నేను కౌ ఆంటీనే.

అడ్మిషన్ రోజు ఉదయం బొమ్మలు పెట్టుకున్న అట్టల సంచీ తీసుకుంటే, తాళ్ళు నేను కట్టిన ముడితో లేవు. పార్సిళ్ళకి వేసే గట్టి ముడి. మావగారు బిగించి ఉంటారులే అనుకుని బయల్దేరాను. ఆయన తెల్లవారుజామునే స్నానం చేసి వీధి తలుపు దగ్గర నిలబడి, ఉత్తరం డబ్బాలో వేసినవాళ్ళలా నిశ్చింతగా నన్ను సాగనంపారు. ఓక్ బల్ల దగ్గర ఆ ముడి విప్పడం నా వల్ల కాలేదు. గడ్డం ప్రొఫెసర్ ఒకాయన జేబులోంచి చాకు తీసి కోశాడు. సంచీ తెరవగానే గుప్పుమని పసుపు వాసన. బొగ్గు పెన్సిల్‌తో నెలల తరబడి వేసిన తెల్లకాగితాలు, ఒక్కోదానికీ నాలుగు మూలలా నాలుగు పసుపు బొట్లు. దులుపుదామంటే బొగ్గుతో కలిసి ఇంకా పులుముకుంటుంది. చెబుదామంటే అడిగితే తప్ప నోరు విప్పకూడదు. వరసగా పరిచి గోడకి అంటుకుపోయాను. ఇంతకాలం పెట్టుకున్న ఆశంతా ఆ బల్ల మీదే పోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మావగారి మీద పట్టరానంత కోపం వచ్చింది.

గడ్డం ప్రొఫెసర్ వెనక్కి నడిచి, ముందుకి నడిచి, తల వాల్చి చూశాడు. "ఆ పసుపు మధ్యలోకి రావడం లేదు చూడండి. అంచుల దగ్గరే ఆగిపోయింది. పరాయి దేశంలో బతుకుతున్నవాళ్ళ పరిస్థితి ఇదే కదా" అన్నాడు. పక్కన పొడుగు జుట్టాయన ఒప్పుకోలేదు. "కాదు, అసలు కాగితానికి మూలలెందుకని ప్రశ్నిస్తోంది. ఇది తిరుగుబాటు" అన్నాడు. ఇద్దరూ వాదించుకోవడం మొదలుపెట్టారు. వెండిజుట్టు ప్రొఫెసరమ్మ వంగి ఒక మూల వాసన చూసింది. "దీనికి వంట వాసన వస్తోంది. ఎవరు పెట్టారు?" అని నన్నే అడిగింది.

"మా మావగారు" అన్నాను.

"ఆయన ఆర్టిస్టా?"

"పోస్ట్‌మాస్టరండీ."

అడిగింది గనక ఇక ఆగలేదు. శుభలేఖలు, పోస్టుమాన్‌లు, దారితప్పని కవర్లు, తెనాలి ఎయిరోగ్రామ్‌లు, అన్నీ నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాను. చెబుతుంటే నవ్వొచ్చింది, మధ్యలో ఏడుపూ వచ్చింది. గడ్డం ప్రొఫెసర్ ముఖం గాలి తీసిన బెలూన్‌లా అయింది. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం వింది. "పోయినసారి నీ బొమ్మల్లో మనిషి కనబడలేదన్నాను, గుర్తుందా? ఈసారి కూడా బొమ్మల్లో లేడు. కానీ నీ మాటల్లో ఉన్నాడు" అంది. ఒక ఖాళీ కాగితం, బొగ్గు ముక్క నా ముందు పెట్టింది. అభ్యర్థి చేత అక్కడికక్కడే ఒక బొమ్మ వేయించవచ్చునని కూడా ధర్మాత్ముడి నియమాల్లో ఉందట. "ఆ పోస్ట్‌మాస్టర్ చెయ్యి వెయ్యి" అంది.

ఆ చేతిని నేను చూసి వేయాలని ఎప్పుడూ అనుకోలేదు. కానీ మొదలుపెట్టేసరికి అంతా ఎదురుగా వచ్చింది. ముద్ర కొట్టీ కొట్టీ పక్కకి ఒరిగిపోయిన బొటనవేలు. పసుపు అద్దుకున్న ఉంగరపు వేలు కొంచెం కిందికి. కాగితానికి ఎక్కడా తగలకూడదని మిగతా వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఉంటాయి. నా బొగ్గు బొమ్మల మీద ఒక్క చోట కూడా చెదిరిన మరక లేదని అప్పుడు గమనించాను. అన్ని బొమ్మల మూలలా అంత జాగ్రత్తగా పెట్టిన మనిషి మీద కోపం తెచ్చుకున్నానే అని సిగ్గేసింది. నేను కుర్చీలూ గుమ్మడికాయలూ కాకుండా మనసుతో వేసిన మొదటి బొమ్మ అదే. వేసి ముగించాక ముగ్గురూ దగ్గరికొచ్చి వంగి చూశారు. అప్పుడు ప్రొఫెసరమ్మ పక్కనున్న కాగితం మూల మీద తన బొటనవేలు రాసి, ఆ పసుపుని కొత్త బొమ్మకి నాలుగు మూలలా అద్దింది. "ఇది కూడా చేరాలి కదా" అంది. నాకు సీటు వచ్చినట్టు అలా తెలిసింది.

ఇంటికెళ్ళేసరికి మావగారు గుమ్మంలోనే ఉన్నారు. "అందిందా అమ్మా?" అని మాత్రం అడిగారు. "అందిందండీ" అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు, లోపలికెళ్ళి కాఫీ కలపమన్నారు. స్కూల్లో చేరాక మాత్రం రోజూ సాయంత్రం ప్రశ్న తప్పేది కాదు: "ఆవు దాకా వచ్చారా?" "ఇంకా ముక్కు దగ్గరే ఉన్నామండీ" అనేదాన్ని. ఆవు ముక్కే అనుకునేవారు. ఒకరోజు మా టీచరు రాక, మమ్మల్ని కూడా రెండో ఏడాది వాళ్ళ లైఫ్ క్లాసులో, అంటే ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి వేసే క్లాసులో, కూర్చోబెట్టారు. అక్కడ వేసిన బొమ్మని ఇంట్లో బీరువా వెనక దాచాను. మర్నాడు ఉదయం చూస్తే మావగారు దాన్ని వంటింటి బల్ల మీద పరుచుకుని కూర్చున్నారు. కాగితం నిండా ఒక మగమనిషి, ఒంటి మీద నూలుపోగు లేదు. మావారు పేపరు చాటున దాక్కున్నారు. మావగారు చాలాసేపు చూసి, "ఇంత చలి దేశంలో ఇలా నిలబెట్టారా పాపం! హీటరైనా పెట్టారా అమ్మా?" అన్నారు. పెట్టారని చెప్పాను. "పెట్టకపోతే అడగండి" అని, వేలికి పసుపు అద్దుకుని, ఆ బొమ్మకీ నాలుగు మూలలా పెట్టి ఇచ్చారు. ఆవు సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

రంగుల గురించి చెప్పే పాఠంలో ప్రొఫెసరమ్మ నా బొమ్మొకటి ఎత్తి చూపించి, ఈ పసుపు నిలిచే రంగు కాదు, వెలుతురు తగిలితే కొన్నేళ్ళలో వెలిసిపోతుంది అని చెప్పింది. ఆయన తిరుగు ప్రయాణం ముందు రోజు, పెట్టె సర్దుతుంటే ఆ మాట ఆయనకి చెప్పాను. ఎందుకో నాకే బెంగగా ఉండి చెప్పాను. "అందేదాకా ఉంటే చాలమ్మా. అందాక కవరుతో ఎవరికి పని?" అని పెట్టె తాళం వేశారు.

ఇదంతా చెప్పి, గదిలోంచి పాత అట్టల సంచీ తెచ్చి మనవరాలి ముందు బొమ్మలు పరిచాను. అది ఒక్కో కాగితం తిప్పి తిప్పి చూసింది. "ఎల్లో ఎక్కడ అమ్మమ్మా? ఏం లేదు కదా. యూ మేడ్ ఇట్ అప్!" అంది. నేనూ చూశాను. ఏ మూలా ఏమీ లేదు, ఉత్త తెల్లకాగితం. ఈ సంచీలోకి చేరకముందు ఏళ్ళ తరబడి గోడల మీద వేలాడి ఎప్పుడు వెలిసిపోయిందో నేనే చూడలేదు. మావగారు పోయి కూడా చాలాకాలమైంది. ఆయనదంటూ ఆ చేతి బొమ్మ ఒక్కటే మిగిలింది, ఒరిగిన బొటనవేలితో సహా. దాన్ని మనవరాలు మిగతావాటి కంటే ఎక్కువసేపు చూసింది. తర్వాత వంటింట్లోకెళ్ళి మసాలాల డబ్బా తెచ్చి, ఉంగరపు వేలితో, మిగతా వేళ్ళు ముడుచుకుని, సగం మూసిన ల్యాప్‌టాప్ తెరిచి, తెరకి నాలుగు మూలలా పసుపు పెట్టింది. "ఏయ్, అది నా వర్క్ ల్యాప్‌టాప్!" అని మా అమ్మాయి హాల్లోంచి కేకేసింది. అప్పటికే చక్రం ఆగింది, బొమ్మలు వెళ్ళిపోయాయి. ఇన్నేళ్ళలో కాలం ఆ పసుపునంతా తుడిచేసింది, కానీ అందవలసినవన్నీ అందాకే తుడిచింది.