గెడ్డ అవతల నాలుగో గొంతు

కౌజు మగపిట్టకి ఓర్వలేనితనం పుట్టుకతోనే వస్తుంది. తను తిరిగే చేనులో ఇంకో మగపిట్ట గొంతు వినపడితే ఊరుకోదు. గట్టెక్కి, మెడ నిక్కించి, అవతలి గొంతు మునిగిపోయేదాకా కూస్తుంది. మా వైపు రైతులు వేటకి ముందు పిట్టల్ని లెక్కపెట్టే పద్ధతంతా ఈ ఒక్క గుణం మీదే నడిచేది. పెంచిన మగపిట్టని పంజరంలో పెట్టి, గుడ్డ కప్పి, చీకటి విడకముందే చేనుకి తీసుకెళ్లేవారు. దాన్ని దీమం అంటారు. గుడ్డ తీయగానే అది కూస్తుంది. ఆ చేనులో కాపురమున్న ప్రతి మగపిట్టా తిరిగి కూస్తుంది. ఎన్ని గొంతులైతే అన్ని జంటలు. కనీసం నాలుగు గొంతులు పలికిన చేనులోనే వల కట్టాలి. మూడే పలికితే ఆ యేడు ఆ చేను జోలికి వెళ్లకూడదు, విత్తనానికి వదిలేయాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలీదు గానీ, మా నాన్న దాన్ని దాటగా నేను చూడలేదు.

అరవైల చివర్లో సంగతి ఇది. నేను విజయనగరంలో ఒక పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో కొత్తగా చేరాను. మా ఊరు శృంగవరపుకోట దారిలో ఉంది. వరి కోతలయ్యాక వేట ఉంటుందని సెలవు పెట్టి వచ్చాను. ఆ యేడు నాన్నకి మోకాళ్లు పట్టేశాయి, గట్ల మీద నడవలేకపోతున్నాడు. కాబట్టి దీమం మోసుకెళ్లి పిట్టల్ని వినే పని ఈసారి నాదేనని నేను బస్సులోనే నిశ్చయించుకున్నాను. చిన్నప్పుడు ఆయన వెనకే తిరిగి నేర్చుకున్న పని అది. పైగా చేను విన్నవాడే వేటనాడు ముందు నడుస్తాడు, వల ఎక్కడ కట్టాలో చెబుతాడు. ఆ మాట నా నోటి నుంచి రావాలని నా కోరిక.

ఇంటికొచ్చేసరికి పంజరం మా బావ చేతిలో ఉంది. బావంటే మా అక్క మొగుడు. పొందూరు దగ్గర వాళ్ల ఊరు. పెళ్లయి రెండేళ్లు, వ్యవసాయంలో సాయానికని ఆ కోతలకి మా ఇంట్లోనే ఉన్నాడు. నాన్న పాత దీమం చచ్చిపోతే కొత్త పిల్లని ఇద్దరూ కలిసి పెంచారట. నేను పట్నంలో ఉండగా బావ రోజూ పుట్టలు తవ్వి చెదలు తెచ్చి మేపేవాడట. ఈ సంగతులన్నీ అక్క సంబరంగా చెబుతుంటే నాకు అన్నం సయించలేదు.

“నానెల్తాను నాన్నా,” అన్నాను చేతులు కడుక్కుంటూ.

“నీ సెవుల్లో అచ్చుమిషను తిరుగుతన్నాది గదరా,” అన్నాడు నాన్న. “అల్లుడు ఎల్తాడులే. అల్లుడి సెవి పాము సెవి.”

బావ నా వైపు చూసి, “నువ్వూ రా బావా, కలిసే ఎల్దాం,” అన్నాడు. ఆ పిలుపు నాకు మరీ మండింది. మా చేనుకి నన్ను చుట్టంలా పిలవడమేమిటి?

మర్నాడు శృంగవరపుకోట సంతకి వెళ్లి ఒక దీమాన్ని కొన్నాను. మా ఇళ్లలో ఇది నామోషీ. దీమాన్ని పిల్లప్పటి నుంచి చేత్తో మేపి పెంచాలి గానీ, కొనుక్కోవడమంటే వండిన కూర కొనుక్కుని విందు పెట్టడం లాంటిది. అందుకే దాన్ని ఇంటికి తేలేదు. గుడ్డ కప్పి మా మామిడి తోట పాకలో దాచాను.

నాన్న బావని ముందు కొండవార చేను వినమన్నాడు. అందుకని నేను గెడ్డ దగ్గరి ఉలవ చేనుకి వెళ్లాను. గెడ్డంటే వాగు, ఆ చేను దానికి రెండు పక్కలా ఉంటుంది. ఇవతలి గట్టున గోగు కట్టల చాటున పంజరం పెట్టి గుడ్డ తీశాను. నా పిట్ట కాసేపు కాలితో గీరి, తర్వాత గొంతెత్తింది. ఉలవల్లోంచి ఒకటి, తుప్పల్లోంచి ఒకటి, పల్లపు మడి నుంచి ఒకటి పలికాయి. ఆ పైన గెడ్డ అవతలి నుంచి నాలుగోది పలికింది. అబ్బ, అది గొంతంటే గొంతు. మిగతావి అలిసిపోయాక కూడా నా పిట్టతో మాటకి మాట కూసింది. రెండో రోజూ అంతే. అల్లుడు కొండవార తిరుగుతుంటే అసలైన చేను నాకు దొరికిందని పొంగిపోయాను.

ఆ సాయంత్రం వాకిట్లో నాన్న అడిగాడు. “గెడ్డ సేను సంగతేటి అల్లుడూ?”

“మూడే మావా,” అన్నాడు బావ.

“నాలుగు,” అన్నాను నేను, అతను కొండవార నుంచి వచ్చే దారిలో విని ఉంటాడనుకుని. “పొద్దున్నే గట్టు మీదికెల్లి నాను కూడా ఇన్నాను. అవతలి గట్టున ఒకటున్నాది, అంత పిట్ట ఈ సుట్టుపక్కల లేదు.”

నాన్న ఇద్దరినీ చూశాడు. ఆమదాలవలస నుంచి చుట్టాలు రైలుకి వస్తామని కబురు పెట్టారు. మూడైతే వల లేదు, నాలుగైతే ఉంది. “ఒక్క సేనుకి రెండు లెక్కలేటి? రేపు మళ్లీ ఇని సెప్పండి,” అని తుండు దులుపుకుని లేచాడు.

మర్నాడు నేను పంజరం ఇవతలే వదిలి, మోకాళ్ల మీద పాకుతూ గెడ్డ దాటాను. ఆ నాలుగో పిట్టని కళ్లారా చూసి వచ్చి చెబితే ఇక అల్లుడి చెవి మాట ఎవరూ ఎత్తరు. నా పిట్ట వెనక నుంచి కూస్తోంది, ఎదుటిది ముందు నుంచి జవాబిస్తోంది. ఈత తుప్ప పక్కకి తప్పించి చూశాను. నాన్న పంజరం. పక్కన గొంగళి కప్పుకుని బావ.

“రా బావా, కూకో. తడిసిపోనావు,” అన్నాడు, నా కోసమే చోటు ఉంచినట్టు.

మా ఇంటి పిట్ట గొంతు నాకు తెలియదు. నాకు తెలియకుండా పెరిగిన పిట్ట అది. ఇంట్లో గుడ్డ కింద ఎప్పుడూ కూయలేదు. రెండు రోజులుగా నేను లెక్కలో వేసి మురిసిపోయింది దాన్నే.

“నువ్వు కొండవార గదా ఇనాల?”

“అది నువ్వు సంతకెల్లిన పొద్దే అయిపోనాది. అక్కడ ఐదున్నాయి. ఇక్కడికొచ్చి కూకుంటే గెడ్డ అవతల ఒకటి కూసింది. అడివి పిట్టయితే అటూ ఇటూ మారతాది. ఇది మేకు కొట్టినట్టు ఒక్క సోటే. తోట పాక ముందు సెదలు రాలి ఉండడం అంతకుముందే సూశాను.”

“మరి నిన్న మా నాన్నకి సెప్పీలేపోనావా?”

“సంతలో కొన్నావని సెప్పాల గదా,” అన్నాడు. “ఎందుకులే అని మూడే అన్నాను.”

నన్ను దొరకబట్టి నవ్వుంటే ఎదురు తిరిగేవాణ్ని. అతను నవ్వలేదు. పరువు కాపాడినవాడి మీద కోపం తెచ్చుకోవడానికి సాకు దొరకక పంటి బిగువున కూర్చున్నాను.

ఇంటికెళ్లాక నాన్నతో, “ఇద్దరం కలిసి ఇన్నాం మావా, మూడే,” అన్నాడు బావ. నేను తలూపాను. గెడ్డ చేను ఆ యేడు విత్తనానికి వదిలేశారు. వేట కొండవారే అని తేలింది. ముందు నడిచేది అల్లుడే.

వేటనాడు చుట్టాలతో గట్టు మీద జనం బాగానే ఉన్నారు. నాన్న కూడా కర్ర పట్టుకుని అక్కడిదాకా వచ్చాడు. వల కట్టాక బావ నా దగ్గరికి వచ్చి, “ఇయాల నీ పిట్టని పెడదాం బావా, దాని గొంతు దీనికన్నా పదునుగా ఉన్నాది,” అన్నాడు. తోట నుంచి తెచ్చి పెట్టాను. గుడ్డ తీసింది బావే. అది కూయకపోతే బాగుండునని కోరుకున్నాను. పరువు పోయినా ఫరవాలేదు, అతను ఎంచింది తప్పని ఒక్కసారి తేలితే చాలనిపించింది.

కూసింది. కొండవార పిట్టలన్నీ ఒక్కసారిగా రెచ్చిపోయాయి. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఎవరిదా గొంతు?” అన్నాడు నాన్న.

“మీ అబ్బాయిదే మావా,” అన్నాడు బావ.

నాన్న కర్ర మీద వాలి ఇంకో కూత విన్నాడు. మొహం విచ్చుకుంది. “పట్నంలో ఉన్నోడికి పిట్టల్ని పెంచే తీరికెక్కడిది? నువ్వే మేపుంటావులే అల్లుడూ,” అని, వల దగ్గరికి పదమని అతని భుజం మీద చెయ్యి వేసి నడిచాడు.

బావ కాదు కాదంటూనే ఉన్నాడు. మెచ్చుకోలుకి మొహమాటపడుతున్నాడనే అందరూ అనుకున్నారు.