ఈలాండ్‌ను ఏలిన కలెక్టరమ్మ

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో రాజధానిలో సివిల్స్ కోచింగ్‌లకు పేరుపడ్డ ముఖర్జీ నగర్‌లో మా పీజీ హాస్టల్ మెట్లెక్కే ప్రతి అమ్మాయీ తనకు రాబోయే జిల్లా ఏదో ముందే ఖాయం చేసుకుని ఉండేది. నా రూమ్మేటు వరంగల్ అక్కకైతే బంగళా ముందు వేయించాల్సిన మొక్కలు కూడా ఖాయమే. అందుకే ఆమెను కలెక్టరమ్మ అనేవాళ్లం. (వెక్కిరింపుగానే. ఆమె మాత్రం గౌరవంగా స్వీకరించేది.) నేను కాకినాడ నుంచి పుస్తకాలతో పాటు లాప్‌టాప్‌లో ఒక జూ ఆట కూడా తెచ్చుకున్నాను. జంతువులను తెచ్చి, ఆవరణలు కట్టి, చూడవచ్చిన జనాన్ని మెప్పించాలి. ఒక ఆదివారం భోజనాలయ్యాక అందులోకి ఈలాండ్‌ను దించాను. ఆఫ్రికా జింకల్లో భారీది. మెలితిరిగిన కొమ్ములు, మెడ కింద వేలాడే గంగడోలు, మన ఒంగోలు గిత్తంత ఒళ్లు.

దించిన కాసేపటికే తెర మీద ఎర్రటి హెచ్చరిక: జంతువు దిగులుగా ఉంది, స్థలం చాలదు, తోడు లేదు. కలెక్టరమ్మ మంచం మీంచి లేచి వచ్చింది. "దానికేం తక్కువైంది చెల్లె? మన రూమ్ కన్నా పెద్ద జాగా ఇచ్చినవ్ గదా. మనకు కిటికీ గూడ లేదు, మనం దిగులు పడుతున్నమా?" (పడుతున్నాం. హెచ్చరిక చూపించే తెర మాకు లేదు, అంతే.) "జరుగు, అడ్మినిస్ట్రేషన్ నేను చూస్త" అని మౌస్ లాక్కుంది. మొదటి నిర్ణయం ప్రజాహితం: జనానికి బాగా కనబడాలని కంచె ఎత్తు తగ్గించింది. "అక్కా, అది బాగా ఎగురుతుందంట, ఇక్కడ రాసుంది చూడు" అన్నాను. "గంత బరువున్నది ఏం ఎగురుతది!" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే ఈలాండ్ కంచె దాటి క్యాంటీన్‌లోకి నడిచింది. జనం పరుగులు. కలెక్టరమ్మ కంగారు పడలేదు. జంతువుల కాపరిని వెంటనే ఉద్యోగంలోంచి తీసేసింది. "వాడేం జేస్తుండు? బాధ్యుల మీద చర్య తీస్కోవాలె." వాణ్ణి తీసేశాక జంతువును పట్టుకునే దిక్కే లేదని ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది. అది తీరిగ్గా పూలమొక్కలు మేస్తుంటే జూ మూతపడింది. మా అరుపులకు పీజీ ఆంటీ తలుపు తోసి, "పఢాయీ చల్ రహీ హై?" అని చదువు సంగతి ఆరా తీసింది. "హాఁ ఆంటీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్" అంది కలెక్టరమ్మ, తెరకు అడ్డంగా నిలబడి.

ఆ వారమే కోచింగ్ సెంటర్‌లో ఆమెకు మాక్ ఇంటర్వ్యూ. అసలు ఇంటర్వ్యూ దగ్గర పడింది, ఆమెకు అదే ఆఖరి అటెంప్ట్. జిల్లాలో గుంపు అదుపు తప్పితే ముందు ఏం చేస్తారని అడిగారట. "కంచె ఎత్తు చూస్త సార్" అని నోరు జారింది. ఏ కంచె అని వాళ్లు తలెత్తారు. దాచలేక మొత్తం చెప్పేసిందట. అందరూ కడుపుబ్బ నవ్వాక, వాళ్లలో ఒక కళ్లద్దాలాయన, "ఆ కాపరిని తీసేయడం ఒక్కటి మాత్రం అచ్చం కలెక్టర్‌లా చేశారమ్మా" అన్నాడట. బయట కూర్చున్న నా దగ్గరికొచ్చి, "నవ్విండ్రు చెల్లె" అని తనూ నవ్వి, మెట్ల మీద కూలబడి కాసేపు ఏడ్చింది.

అసలు ఇంటర్వ్యూ కూడా పోయింది. నాకైతే ఆ గది దాకా వెళ్లే యోగమే పట్టలేదు. ఆమె ఇప్పుడు అదే కోచింగ్ సెంటర్ల వీధిలో పాఠాలు చెబుతోంది. నేను సాకేత్‌లో ఒక ఆఫీసులో మీటింగులకు తలూపుతున్నాను. జిల్లా ఒక్కటి చేతికిస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటామన్న అప్పటి మా పీజీ పిల్లల ధైర్యం గుర్తొస్తే ముచ్చటేస్తుంది. ఇవ్వకపోవడం ఆ జిల్లాల అదృష్టమే. ఒప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ మనసు రాదు.