మరుగు లేని ఊళ్ళో దప్పిక

నాలుగో తరగతికి నేనంటే ఎంత ఇష్టమో, రెండేళ్ళు పట్టుకుని వదల్లేదు. మూడో ఏడు కూడా ఉంచుకునేదే గాని, అయ్యవారికి నేనంటే అంత ఇష్టం లేకపోయింది. నాయన నన్ను గొర్రెల వెంట తోలేశాడు. గొర్రెలు నన్ను ఏ ప్రశ్నా అడగలేదు, నా హాస్యాలకు అడ్డం చెప్పలేదు. బళ్ళో కన్నా అక్కడే నాకు మర్యాద ఎక్కువ.

ముదిగుబ్బ దగ్గర మా ఊరు. నాకు పెళ్ళయింది పంతొమ్మిదివందల యాభైలు ముగిసే రోజుల్లో. నా భార్యది కర్నూలు వైపు, కాలువ కింది పల్లె. వాళ్ళ ఇంటి వెనకే నీళ్ళు పారుతాయి. గట్టు పొడుగునా అరటితోటలు, గుబురు పొదలు. అక్కడ నున్నటి బుగ్గలతో బయలుదేరిన పిల్ల, మా ఊళ్ళో చలిగాలి మొదలయ్యేసరికి ఎండిన ఆకులా అయింది. ముఖం బిగుసుకుపోయింది. చేతుల మీద తెల్లటి పొట్టు లేచింది. నవ్వితే చాలు, పెదవి చిట్లి నెత్తురొచ్చేది. మనుషుల్ని నవ్వించడమే పనిగా పెట్టుకున్న నాకు అదో పెద్ద చిక్కు.

మా వైపు చర్మం పగిలితే ఒకటే మందు, శెనగనూనె. మంచినీళ్ళ బావి ఊరికి దూరం, నూనెకుండ చేతికందేంత దగ్గర. కాబట్టి ఆమెకు చేతులకూ మొహానికీ దండిగా నూనె పట్టించాను. కాసేపటికి ఊళ్ళోని ఎర్రదుమ్మంతా వచ్చి ఆమె మీద చేరింది.

"ఏమి, జాజు పూసిన అరుగు మాదిరి ఉండావే?" అన్నాను.

"నవ్వించొద్దు. పెదవి చిట్లుతాది," అంది మూతి కదపకుండా.

గుత్తిలో పనిపడి వెళ్ళినప్పుడు స్నో సీసా తెచ్చాను. పొద్దున పూసుకుంటే మధ్యాహ్నానికి అదీ పెళ్ళలుగా లేచింది. సున్నం కొట్టిన గోడకు బీటలిచ్చినట్టు ఉందని అనబోయి మింగేశాను. అప్పటికే ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. మొహం కన్నా పెద్ద బెంగ ఒకటి ఆమెను పట్టుకుంది. శివరాత్రికి వాళ్ళ నాయన వస్తున్నాడని కబురొచ్చింది.

"ఈ మొగం చూసినాడంటే నాయన నన్ను ఒక్క పూట గూడా ఈడ ఉంచడు. తోలుకొని పోతాడు."

"పోయి నాలుగు రోజులుండి రా."

"మళ్ళీ పంపడు," అంది నా వైపే చూస్తూ.

పంపితే వస్తావా అని అడగాలనిపించింది. నోరు రాలేదు. హాస్యానికి అలవాటుపడిన నోటికి అటువంటి ప్రశ్నలు తిరగవు. అందుకని నాకు చేతనైన పనే చేశాను.

ఎండలో గొర్రె నీరసపడితే, దాని తోలు రెండు వేళ్ళతో పట్టి పైకి లేపి వదులుతాం. వెంటనే సర్దుకుంటే గొర్రె బాగున్నట్టు. లేచిన మడత అట్లాగే నిలబడితే దానికి నీళ్ళు చాలనట్టు.

"ఉండు, నిన్ను మా మందలో కలుపుకోవచ్చో లేదో చూస్తా," అని ఆమె చేతి మీది చర్మం పట్టి లేపి వదిలాను.

మడత నిలబడింది. వేళ్ళు తీసేసినా చిన్న గట్టులాగా అట్లాగే ఉంది. తర్వాత నిదానంగా అణిగింది. నా నవ్వు కూడా దాంతోపాటే అణిగింది.

"నీళ్ళు తాగుతాండావా లేదా?"

చెయ్యి వెనక్కి లాక్కుని కొంగు కప్పుకుంది.

"అమ్మ అంత దూరం నుంచి మోసుకొస్తాందని మొగమాటమా?"

"అది కాదు."

"మరేంది?"

తల వంచుకుని, గోడతో చెబుతున్నట్టు చెప్పింది. "మీ ఊర్లో మరుగు యాడుండాది?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మా ఊరు అరచెయ్యి లాంటిది. శెనక్కాయలు పీకేసిన చేలల్లో కుందేలు కూర్చున్నా ఊరందరికీ కనపడుతుంది. మా ఆడవాళ్ళు తెల్లారక ముందొకసారి, పొద్దుగూకినాక ఒకసారి చేలల్లోకి పోయేవాళ్ళు. పుట్టినప్పటి నుంచీ వాళ్ళకు అదే అలవాటు. పొదల మాటున పెరిగిన పిల్లకు నడిపగలు అవసరమైతే ఎక్కడికి పోవాలి? తాగితేనే కదా ఆ బాధ అని, తాగడమే మానుకుంది. పైనుంచి మేం నూనె రుద్దుతున్నాం, లోపల ఆమె ఎండిపోతూ ఉంది.

సంగతి తెలిసి అమ్మ ముందు కోడలి మీద పడింది. "నాతో చెప్పుంటే ఏమైతాండెనే అమ్మీ!" తర్వాత నా వంతు. "నూనెంతా కాళీ చేసినావు గదరా. వట్టి కుండకు మూత పెడతాండావే! లోపల నీళ్ళుంటేనే గదా మూతతో పని."

ఆ రోజు నుంచి అమ్మ కోడలికి మరిగే నీళ్ళ స్నానం మాన్పించింది. గోరువెచ్చటివి చాలంది. సున్నిపిండి మోటుగా రుద్దొద్దంది. ఒళ్ళు తడి ఆరకముందే రెండు చుక్కల నూనె పట్టించేది. పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం పల్చటి మజ్జిగ. అంతా బాగానే ఉంది గాని, మజ్జిగ లోటా చేతికిస్తే ఆ పిల్ల ఒక గుటక వేసి పెరటి వైపు చూసేది. లోటా కింద పెట్టేసేది.

నేను కందికట్టె మోపులు మోసుకొచ్చాను. పెరటి మూల గుంట తీసి చుట్టూ దడి కట్టడం మొదలుపెట్టాను. అప్పట్లో మా వీధిలో ఏ ఇంట్లోనూ అటువంటిది లేదు. దారిన పోయే ముసలాయన ఒకాయన ఆగాడు.

"ఏమప్పా, గొర్రెపిల్లలకా?"

"లేదు పెదనాయనా, మా రాణీగారికి కోట."

"అట్లయితే గుత్తి కోటంత ఎత్తు లేపల్ల!"

"నీ చేలో కందికట్టె గూడా పీకియ్యి, లేపుతా."

ఆయన నవ్వుకుంటూ పోయాడు. దడి మాత్రం ఒక పక్కకు వాలింది. నేను కట్టిందేదీ నిటారుగా నిలబడిన పాపాన పోలేదు. అయినా లోపలి మనిషి బయటికి కనపడదు. అది చాలు. ఆ పూట ఆమె నా ఎదురుగానే చెంబెత్తి గటగటా తాగింది. ఆ గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. ఇంకో చెంబు అడిగింది.

శివరాత్రి దగ్గరపడేసరికి, పట్టి లేపిన మడత వదలగానే సర్దుకుంటోంది. అవసరం ఉన్నా లేకపోయినా రోజూ చెయ్యి పట్టుకుని చూసేవాణ్ణి. పెదవులు మానాయి. కాలువ నాటి నునుపు తిరిగి రాలేదు గాని, మొహంలో బిగువు పోయింది.

మామ వచ్చాడు. కాళ్ళయినా కడుక్కోకుండా కూతురి గడ్డం పట్టి వెలుతురుకు తిప్పి చూశాడు.

"నల్లబడినావు గదమ్మా. రెండు నెల్లుండి పోదువు గాని, రా."

నేను వాకిట్లో చెప్పు పట్టీ సరిచేస్తూ కూర్చున్నాను. అది తెగనూ లేదు, వదులు కానూ లేదు.

"ఇప్పుడొద్దులే నాయనా," అంది. "ఉగాదికి వస్తాం."

వస్తా అనలేదు, వస్తాం అంది. ఆ చివరి సున్న ఒక్కటీ చెవిలో పెట్టుకుని ఆ పొద్దంతా తిరిగాను.

మర్నాడు మామ బండి మలుపు తిరగ్గానే నాకు పాత బుద్ధి లేచింది.

"ఎందుకు పోలేదు? నన్నిడిచి ఉండలేకనా?"

ఆమె చెంబులో నీళ్ళు చివరిదాకా తాగింది. మూతి తుడుచుకుని పెరట్లోకి చూసింది.

"అబ్బా, ఎంత ఆశ! ఆ దడి కట్టింది నువ్వు గదా. గాలొస్తే ఎవరో ఒకరు పట్టుకోవల్ల. అందుకని ఉండిపోయినా."