గొడుగు తెమ్మన్న ఫోన్

సంవత్సరీకం అయిన మర్నాడు మధ్యాహ్నం తాతారావుగారు ఇంటికి ఫోన్ చేసి, చెరువు దగ్గరకి గొడుగు పట్టుకు రమ్మన్నారు. సంవత్సరీకం ఆయనదే.

భార్య సత్యనారాయణమ్మగారు "ఆయ్, వస్తన్నానండి" అని గొడుగు అందుకుని, అల్లవరం పొలిమేరలో ఉన్న రొయ్యల చెరువుకి నడిచారు. మొగుడు పోయి ఏడాదైందన్న సంగతి గట్టు ఎక్కాకగాని ఆవిడకి తట్టలేదు. చేతిలో గొడుగు జారి నీళ్ళలో పడి, బుడుంగున మునిగింది. చెరువులో రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. ఆవిడ కేకలకి పక్క చెరువు కొండబాబు పరుగున వచ్చి, కరెంటు పోయి ఆగిపోయిన, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లకి జనరేటరు వేశాడు.

రొయ్యలు బతికాయి. ఆవిడ మాత్రం ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు.

"అన్నీ చేసి సాగనంపేమనుకున్నాం. మీ నాన్న ఇంకా ఆ ఎండలోనే ఉన్నారు. నాకు ముద్ద ఎలా దిగుద్దిరా?" అన్నారు కొడుకు సతీష్‌తో.

సతీష్ తిన్నగా అమలాపురం వచ్చి కామాక్షి బల్ల ముందు నిలబడ్డాడు. "మా నాన్నగారి చేత ఫోన్ చేయిస్తంది తమరేనటండీ?"

కామాక్షికి నలభై ఆరేళ్ళు. చెరువుల్ని కనిపెట్టుకుని ఉండే ఏఐ ఏజెంటును నడిపే చిన్న ఆఫీసులో ఆవిడ పని ఒక్కటే. ఏజెంటు చేతికిచ్చిన ప్రతి పనిముట్టూ ఏం చేస్తుందో, దాన్నెప్పుడు వాడాలో అర్థమయ్యేలా రాయడం. ఏజెంటుకి చెరువూ తెలీదు, మనుషులూ తెలీరు. ఆవిడ రాసిందే దానికి లోకం.

రాయడంలో ఆవిడకి పేరే ఉంది. ఒకసారి భర్త శివప్రసాద్ ఉప్పనుకుని పప్పులో వంటసోడా పోసి, పొంగిన పప్పును చుట్టాల ముందు గర్వంగా వడ్డించాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో సోడా డబ్బా మీద "ఇది ఉప్పు కాదు" అని ఉంటుంది. ఏది కాదో కూడా రాయాలని పప్పు నేర్పింది. ఆఫీసులో మరిచిపోయింది.

తను రాసిన వాక్యం తీసి చూసుకుంది. "చెరువుకి ఆపద వస్తే ఇంటివాళ్ళకి కబురు చెప్పే పనిముట్టు ఇది. యజమాని పిలిచినట్టే పిలవాలి." తెలియని గొంతైతే భార్య ఫోన్ పెట్టేస్తుందని తాతారావుగారే అప్పట్లో తన గొంతు రికార్డు చేసి ఇచ్చారు. మొన్న సతీష్ ఫోన్ ఎత్తలేదు. ఏజెంటు యజమాని పిలిచినట్టే పిలిచింది. ఆయన భార్యని ఎండలోకి ఎప్పుడు పిలిచినా గొడుగుతోనే రమ్మనేవారు; రికార్డులోనూ అదే ఉంది.

కామాక్షి ఆ ఫోన్ సంభాషణ వింది. గొంతు వెనక గాలి హోరు. "ఆయ్, వస్తన్నానండి" అని సత్యనారాయణమ్మగారు అన్నారు. తరవాత, "తొందరేం లేదు. గట్టు జారుతుంది, నెమ్మదిగా రా."

ఆ మాట ఆయన ఇచ్చిన రికార్డుల్లో లేదు. ఏజెంటు మాటలు అల్లగలదు గనక కామాక్షి దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోకుండానే మూడుసార్లు విని, ఫ్యాన్ ఆపించింది.

సాయంత్రం తనే అల్లవరం వెళ్ళింది. సత్యనారాయణమ్మగారు మజ్జిగ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"అది మిషనండి పిన్నిగారూ, నేను సరిగ్గా రాయకపోబట్టి..."

"మిషనుకి గట్టు జారుద్దని ఎలా తెలుసమ్మా?"

కామాక్షి మజ్జిగ గ్లాసు ఆవిడ దగ్గరకి జరిపింది.

"ఆపెయ్యమ్మా నీకు పుణ్యం ఉంటది. ఆయన్ని వెళ్ళనీ. ఆయన వెళ్ళేరని తెలిస్తే నేను తింటాను."

మర్నాడు కామాక్షి కొత్తగా రాసింది. "ఈ పనిముట్టు బతికున్న యజమానికి మాత్రమే ఫోన్ చేస్తుంది. ఆయన ఎత్తకపోతే పక్క చెరువువాళ్ళకి చెయ్యాలి. చనిపోయినవారి గొంతుతో ఎవరినీ, ఎంత ఆపదలోనైనా, పిలవకూడదు." తరవాత తాతారావుగారి గొంతున్న ఫైళ్ళు తీసెయ్యబోతే, ఖాయమేనా అని కంప్యూటరు అడిగింది. ఆవిడ లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, ఖాయమేనని నొక్కి, ఆపేశానని అల్లవరం ఫోన్ చేసి చెప్పింది.

రెండ్రోజులు గడిచాక సత్యనారాయణమ్మగారే ఫోన్ చేశారు.

"ఏమ్మా కామాక్షీ, ఆపేసేనన్నావు! ఇందాక మళ్ళీ చేసేరు. గొడుగు తూము దగ్గరకి కొట్టుకొచ్చింది, అది తెచ్చుకుని అన్నం తిను అన్నారు. వెళ్ళి చూద్దును గదా, ఉంది గొడుగు! ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను కూడాను. చెయ్యి కడుక్కున్నాకగాని ఆయన లేరన్న సంగతి తట్టలేదు. చేతగాకపోతే చేతగాదని ముందే చెప్పాలి గానీ, ఇదేం పనమ్మా?"

కామాక్షి తెర వంక చూసింది. ఏజెంటు ఆ నంబరుకి మళ్ళీ చెయ్యలేదు. గొంతు ఫైళ్ళున్న చోట ఏమీ లేదు. ఆగిన ఫ్యాను రెక్క ఒకటి మెల్లగా కదిలి ఆగింది.

"మా ఫోన్ ఆపేనండి పిన్నిగారూ, అన్నం తినమన్న మనిషిని ఆపే పనిముట్టు మాత్రం నా దగ్గర లేదండి."