ఎవరి రక్తంలో రాళ్లు

మా అమ్మ పిత్తాశయంలో రాళ్లతో పోయింది. మిరప కోతల రోజులు, ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. గ్యాసు నొప్పేనని నాలుగు రోజులు వాము నీళ్లు తాగించారు. గుంటూరు తీసుకెళ్లేసరికి లోపలంతా చీము పట్టింది. ఆ వాము నీళ్లు తాగించింది నాయనమ్మ. పెద్దకర్మ నాడు అందరి ముందూ మా అమ్మమ్మ మీద విరుచుకుపడిందీ ఆవిడే.

"నీ రక్తంలోనే ఉన్నాయే రాళ్లు! పిల్లని పొట్టన పెట్టుకున్నావు. ఇంక మా గడప తొక్కావంటే చూడు!"

మాది మేనరికం. మా అమ్మ మా నాయనమ్మకి సొంత తమ్ముడి కూతురే. తమ్ముడి వైపు వేలు చూపిస్తే తప్పు తన పుట్టింటి మీదికి వస్తుంది. అందుకని బయటినుంచి వచ్చిన మరదలి నెత్తిన రుద్దింది. అమ్మమ్మ ఆ పూటే వెళ్లిపోయింది. ఏడేళ్లపాటు నన్ను చూడాలంటే అద్దంకి బస్టాండుకి వచ్చి కూర్చునేది. అక్కడ ఆ జనంలో ఆవిడ నాకోసం అరిసెల మూట విప్పుతుంటే నాకు నాయనమ్మ మీద ఒళ్లు మండిపోయేది.

చదువయ్యాక నేను చేరిన ల్యాబులో ఆ రాళ్ల జబ్బు మీదే పని జరుగుతోంది. కాలేయంలో కొలెస్ట్రాల్‌ని పైత్యరసానికి పనికొచ్చేలా మార్చే ఎంజైము ఒకటుంది. దాని జన్యువులో ఒక్క అక్షరం మారినవాళ్లకి రాళ్లు ఎక్కువగా వస్తాయా అన్నది మా ప్రశ్న. రక్తం కోసం నేను సిరంజీ పట్టుకుని మా ఇంటికే వెళ్లాను.

నాయనమ్మ తనే చెయ్యి చాపింది. "నాదీ తియ్యవే, మీ అమ్మమ్మదీ తియ్. దాని రక్తంలో ఏముందో ఊరంతా చూడాలి."

అమ్మమ్మ దగ్గరికీ వెళ్లి తీశాను. ఆ గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకె ఎవరిదో వెతకడం తప్పు. వెతికాను. మారిన అక్షరం నాయనమ్మలో ఉంది, అమ్మమ్మలో లేదు. ఆ రోజంతా నాకు పండగలా ఉంది.

కానీ నెల తిరక్కుండా మొత్తం లెక్కలు తేలాయి. రాళ్లున్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ ఆ మార్పు ఒకేలా ఉంది. దానికీ రాళ్లకీ సంబంధం ఉందనడానికి ఆధారమేమీ లేదని మా సారు కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకునే అమ్మ తద్దినానికి వెళ్లాను.

భోజనాల బంతి మధ్యలో చెప్పాను. "నాయనమ్మా, పరీక్షలో తేలింది. రాళ్లు నీ రక్తంలోవి, నీ పుట్టింటివి. అమ్మమ్మలో ఏమీ లేదు."

విస్తట్లో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నేనే దగ్గరుండి పెరుగు వడ్డించాను.

వారానికల్లా నాయనమ్మ కబురుపెట్టి అమ్మమ్మని పిలిపించింది. గడపలోనే చేతులు పట్టుకుని, "నేనే చంపుకున్నానే!" అని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు.

వెళ్లేటప్పుడు అమ్మమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఇన్నేళ్లూ మీ అమ్మని నేనే చంపాననుకున్నానమ్మా. ఆ బాధ ఎలాంటిదో నాకు తెలుసు. ఇప్పుడు మా వదినకి పెట్టావు. నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే" అన్నాను.

నాయనమ్మ ఇంకో నాలుగేళ్లు బతికింది. ఆ కాగితం ఆవిడకి చూపించలేదు.