పదమూడు నిమిషాల ఏగోన్

ఇప్పుడు పొద్దున్న ఏడింటికి మా వంటింట్లో ఎవరూ "పదమూడు నిమిషాలు!" అని అరవడం లేదు. మా ఆయన ఏగోన్ ఉన్నన్నాళ్ళూ ఆ మాట అనకుండా కాఫీ కప్పు ముట్టుకున్న రోజు లేదు. నేను గుడ్లు నీళ్ళలో వెయ్యగానే చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టుకునేవాడు.

"చూడు ట్రౌడెల్, గుడ్డు ఉడకడానికి ఆరు నిమిషాలు. అంటే రెండు వాయిల గుడ్లు ఉడికి, మనం ఉప్పు చల్లుకునేలోపు ఒక బాంకు విమానాశ్రయంలో దిగి మన ఊరి నడిబొడ్డుకి వచ్చేస్తుంది."

"దానికి గుడ్లు కూడా నేనే పెట్టాలా?" అనేదాన్ని.

ఇప్పుడు గోడగడియారం చూసి ఉడకబెట్టుకుంటున్నాను. చాలాసార్లు మరిచిపోతాను. గట్టిపడిపోతున్నాయి.

ఏగోన్‌కి ఉన్న జబ్బు అదొక్కటే. కనబడ్డ ప్రతివాణ్ణీ మా ఊరు ఫ్రాంక్‌ఫర్ట్‌కి రమ్మని పిలిచేవాడు. ఇక్కడే పుట్టి ఇక్కడే ముసలివాళ్ళయినవాళ్ళని కూడా పిలిచేవాడు. మా వీధి చివర రొట్టెల కొట్టువాడు ఒకరోజు, "ఏగోన్ గారూ, నేను నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానండీ" అంటే, "మంచి నిర్ణయం" అని భుజం తట్టి వచ్చాడు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఊరు అంటించింది. ఇంగ్లీషువాళ్ళు యూరప్ కూటమిలోంచి పోతామని ఓట్లేసిన ఏడాది, లండన్‌లో ఉన్న పెద్ద పెద్ద బాంకులన్నీ పెట్టెలు సర్దుకుంటున్నాయని పుకారు పుట్టింది. అంతే, పారిస్ పెద్దలూ, డబ్లిన్ పెద్దలూ, మా ఊరి పెద్దలూ పోటీలు పడి గుమ్మాలకి తోరణాలు కట్టేశారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వస్తున్నారంటే పిల్ల తండ్రి కూడా అంత వంగడు. మావాళ్ళు ఆ బాంకుల కోసం నున్నటి కాగితం మీద ఒక పుస్తకం అచ్చేశారు. అందులో నది బొమ్మ, నాటకశాల బొమ్మ, ఏడు రకాల ఆకులు నూరి చేసే మా ఊరి పచ్చ సాస్ బొమ్మ. పచ్చ సాస్ తినడానికి ఏ బాంకైనా వేలమంది గుమాస్తాలని వెంటేసుకుని సముద్రం దాటి వస్తుందా? వస్తుందని మా ఊళ్ళో సూట్లు తొడుక్కున్నవాళ్ళంతా నమ్మారు. వాళ్ళు నమ్మితే నమ్మారు, మా ఏగోన్ కూడా నమ్మాడు.

ఆయన ముప్ఫయి ఏళ్ళు ట్రామ్ నడిపాడు. నడుం పట్టేసి దిగిపోయాక, బాంకుల్ని పిలిచే ఆ ఆఫీసులో వ్యాను డ్రైవరుగా చేరాడు. వచ్చినవాళ్ళని ఎక్కించుకుని ఊరంతా చూపించి హోటల్లో దింపడం పని. ఆయన లెక్కలో మాత్రం యూరప్ భవిష్యత్తంతా ఆయన స్టీరింగు మీదే ఉంది.

"ఇవాళ ఒక జపాను బాంకుని తెచ్చాను" అనేవాడు, సంతలోంచి క్యాబేజీ తెచ్చినట్టు.

"ఎక్కడ పెట్టావు?"

"హోటల్లో దించాను."

"పదమూడు నిమిషాలే పట్టిందా?"

"నలభై అయిదు. రోడ్డు తవ్వుతున్నారు." టోపీ తీసి మేకుకి తగిలిస్తూ, "రైల్లో అయితే పదమూడే" అనేవాడు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. నోటినిండా దూది కుక్కి డాక్టరమ్మ పట్టకారు తీస్తుంటే ఏగోన్ చెయ్యెత్తాడట. నొప్పేమోనని ఆవిడ దూది తీసింది. "మీ అన్నయ్య లండన్‌లో ఉన్నారన్నారు కదా, ఏ బాంకు?" అని అడిగాడు. ఆవిడ దూది మళ్ళీ పెట్టేసింది, ఈసారి కాస్త ఎక్కువే.

ఇక పారిస్ మీద కోపం సంగతి. పోటీలో పారిస్ ముందుకొచ్చిందని పేపర్లో పడ్డ రోజునుంచీ మా ఇంట్లో క్రోసాన్ రొట్టె నిషేధం. "శత్రువుల తిండి" అనేవాడు. అంతకుముందు ఆదివారాలు మూడేసి తినేవాడు. మా పైన రెండో అంతస్తులో ఉండే హెడీ లోట్స్ ఆ సంగతి కనిపెట్టింది. హెడీకి ఎనభై నాలుగేళ్ళు. గొడుగులు బాగుచేసేది. ఇప్పటికీ ఎవరో ఒకరు విరిగిన గొడుగు పట్టుకుని ఆవిడ కోసం మెట్లెక్కుతూనే ఉంటారు. నలభై ఆరేళ్ళుగా ఆ ఇంట్లోనే అద్దెకి ఉంది. ఆవిడ నోటికి మా బోర్న్‌హైమ్ పేటంతా జడుస్తుంది. ఏగోన్ ఆఫీసుకి బయల్దేరే వేళకి సరిగ్గా మెట్ల దగ్గర క్రోసాన్ నములుతూ నిలబడేది.

"ఏమయ్యా బాంకులాయనా, వచ్చాయా నీ బాంకులు?"

"వస్తున్నాయి హెడీ గారూ. దారిలో ఉన్నాయి."

"పదమూడు నిమిషాల దారికి రెండేళ్ళా? నడిచొస్తున్నాయేమిటి?"

ఆయన టోపీ సర్దుకుని నవ్వి వెళ్ళిపోయేవాడు. నాకే ఒళ్ళు మండేది. ఆయన్ని వెక్కిరించే హక్కు నాది కదా.

చివరికి ఒక బాంకు వచ్చింది. వేలమంది వస్తున్నారని ఊరంతా టాంటాం వేశారు. ఏగోన్ వ్యానుని రెండుసార్లు కడిగాడు. సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని బూట్లు కూడా విప్పలేదు.

"ఎంతమంది దిగారు?"

"ఎనిమిది మంది."

"ఎనిమిది వేలా?"

"ఎనిమిది మంది, ట్రౌడెల్. ఒక కాఫీ మిషనూ." తరవాత తలెత్తి, "చాలా పెద్ద మిషను" అన్నాడు.

బాంకులు రాకముందే ఇళ్ళ రేట్లు మాత్రం వచ్చేశాయి. ఇంటి యజమాని లోరెంట్స్‌కి అప్పుడే ఆశ పుట్టింది. ఈ ఇల్లు ఆయనకి పెద్దమ్మ నుంచి వచ్చింది. నాలుగంతస్తుల్లోనూ ఎండ పడేది, బాల్కనీ ఉన్నది హెడీ వాటా ఒక్కటే. మాది వెనకవైపు చీకటి కొట్టు, దాన్ని ఎవడూ అడగడు. హెడీ వాటాని లండన్ నుంచి వచ్చే బాంకువాళ్ళకి అమ్మేస్తానన్నాడు. కొన్నవాళ్ళు "ఇందులో మేమే ఉంటాం" అంటే హెడీ గడువులోగా ఖాళీ చెయ్యాల్సిందే. ఎనభై ఏళ్ళ మనిషి, ఆ గొడుగులన్నీ వేసుకుని ఎక్కడికి పోతుంది? ఊళ్ళో ఆవిడకి అందుబాటులో ఉన్న వాటా ఒక్కటి లేదు. ఊరవతల ముసలివాళ్ళ ఆశ్రమం ఒకటుంది. దాని పేరెత్తితే హెడీ నోరు మూతపడేది. ఆవిడ నోరు మూతపడటం నేను చూసింది అప్పుడే.

లోరెంట్స్ తెలివిగా ఏగోన్‌ని పట్టుకున్నాడు. "ఏగోన్ గారూ, మీరు రోజూ బాంకువాళ్ళతో తిరిగే మనిషి. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మీరు నాలుగు మంచి మాటలు చెప్పాలి."

"తప్పకుండా" అన్నాడు మా మహానుభావుడు, టై కట్టుకుంటూ. ఆ రోజు నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. నెత్తిమీదున్న ముసలమ్మని వీధిలో పెట్టడానికి టై ఒకటి!

మొదట లండన్ జంట ఒకటి వచ్చింది. ఆయన పొడుగు, ఆవిడ ఇంకా పొడుగు. ఏగోన్ మెట్ల మీదే మొదలుపెట్టాడు.

"విమానాశ్రయం నుంచి పదమూడు నిమిషాలు. ఇక మా ఇంటి క్రమశిక్షణ చూస్తే మీరు మురిసిపోతారు. ఆదివారం చప్పుడుండదు. బట్టల మిషను వెయ్యకూడదు, గోడకి మేకు కొట్టకూడదు."

"మాకు చిన్నపిల్లలున్నారు" అంది ఆవిడ.

"పిల్లలు ఉండొచ్చు. చప్పుడుండకూడదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కూడా అంతే."

లోరెంట్స్ దగ్గాడు. ఏగోన్‌కి వినపడలేదు.

"ఖాళీ సీసాలు మూడు డబ్బాల్లో వెయ్యాలి. తెల్లవి వేరు, ఆకుపచ్చవి వేరు, గోధుమరంగువి వేరు."

"నీలం సీసా అయితే?" అన్నాడాయన, నవ్వుదామని.

"నీలం సీసా కొనకపోవడం మంచిది" అన్నాడు ఏగోన్, నవ్వకుండా.

వాళ్ళు బాల్కనీ కూడా చూడలేదు.

తరవాత వచ్చినాయన కూతురు సెల్లో అనే పెద్ద వయొలిన్ వాయిస్తుందట. "భేష్! రోజుకో గంట వాయించుకోవచ్చు. పైవాళ్ళూ కిందవాళ్ళూ పక్కవాళ్ళూ కాగితం మీద సంతకం పెడితే చాలు. పక్కాయన మాత్రం మాట్లాడడు, ఉత్తరం రాయాలి." మూడోసారి వచ్చినవాళ్ళకి మర్యాద పేరు చెప్పి మా పుల్లటి యాపిల్ వైను పోసిచ్చాడు. అలవాటు లేనివాళ్ళకి అది గొంతులో దిగదు. పైగా ఆ రోజు మెట్లన్నీ మా ఊరి చేతిజున్ను కంపు. ఉల్లిపాయల్లో నానేసిన ఆ పులిసిన చీజు వాసనకి మాకే కళ్ళు చెమరుస్తాయి. వచ్చినావిడ ముక్కుకి రుమాలు కట్టుకుంది. "మీరు అదృష్టవంతులు, ఇవాళ తాజాగా ఉంది" అన్నాడు ఏగోన్.

వాళ్ళు వెళ్ళాక లోరెంట్స్ ఎదురుగానే నేను దులిపేశాను. "అసలు నీకు బుర్రుందా? సూట్లు తొడుక్కున్నవాళ్ళకి సీసాల రంగులు చెబుతావా? ఊరి పరువు తీస్తున్నావు. ఆఫీసులో కూడా ఇంతేనా? అందుకే ఎనిమిది మంది వచ్చారు!"

"ఉన్నదే చెప్పాను ట్రౌడెల్. నియమాలు లేని ఇంట్లో ఎవరుంటారు?" అని చేతిగడియారం తుడుచుకున్నాడు.

ఇంత వెర్రిబాగులవాడితో ముప్ఫయి ఆరేళ్ళు ఎలా వేగానా అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను.

లోరెంట్స్ విసిగిపోయి, ఆ వెర్రివాడు ఊళ్ళో ఉన్నంతకాలం ఇల్లు చూపించనన్నాడు.

పోయిన ఫిబ్రవరిలో ఏగోన్ పోయాడు. కోటు వేసుకుంటూ, ఒక చెయ్యి దూర్చి రెండో చెయ్యి దూర్చకుండానే. పాతిపెట్టి వచ్చాక మా వైపు అలవాటు ప్రకారం కాఫీ, పొడి చల్లిన కేకు పెట్టాను. ఆఫీసు పెద్దావిడ వెర్నెకే మేడమ్ నా పక్కన కూర్చుంది. ఆవిడ ఏం చెబుతుందో నాకు తెలుసు. మీ ఆయన మంచివాడు కానీ నోరే, అంటుంది. తల దించుకుని కేకు కోస్తున్నాను.

"మా అందరిలోకీ మాట నేర్పు ఆయనదేనండీ" అంది.

"ఎవరిదీ?"

"ఏగోన్‌దే. వచ్చినవాళ్ళందరికీ ఒకటే భయం, మన ఇళ్ళల్లో నియమాలెక్కువట కదా అని. ఆయన వ్యానులోనే ఆ భయం తీర్చేసేవాడు. 'అబ్బే, అవన్నీ మా తాతల నాటి మాటలు. ఆదివారం మీ ఇష్టం, డోలు వాయించుకోండి' అనేవాడు."

"డోలా?"

"డోలే. సీసాల గురించి అడిగితే, 'ఎందులో వేసినా ఎవరూ చూడరు' అని నవ్వించేవాడు."

నా కత్తి కేకులో దిగబడి అలాగే ఉండిపోయింది. ఎదురుగా హెడీ మూడో ముక్క తింటూ నా మొహమే చూస్తోంది. వెర్నెకే మేడమ్ లేచాక ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"హెడీ, నీకు తెలుసా?"

"తెలియకేం? ఆ జున్ను ఎవరు చేశారనుకున్నావు? ముందురోజు నా గుమ్మంలోకొచ్చి, 'హెడీ గారూ, రేపు పదింటికి కిటికీ మూసి తలుపు తీసిపెట్టండి' అని బతిమాలాడు. ఊరినిండా బాంకుల్ని పిలుచుకున్నాడు కానీ నా గదిలోకి మాత్రం ఒక్కణ్ణి రానివ్వలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు లోరెంట్స్ ఎదురుగా నిజంగా తిడితేనే కదా వాడు నమ్మేది? 'ట్రౌడెల్ చాలా బాగా తిడుతుంది' అని మురిసిపోయేవాడు మీ ఆయన."

నాకు ఏడుపు రావాల్సింది. నవ్వొచ్చింది. చుట్టాలు తిరిగి చూశారు.

"మరి నువ్వు రోజూ ఆ ఎత్తిపొడుపులేమిటి?"

"పొగిడితే సిగ్గుపడి మానేస్తాడని" అంది హెడీ, నాలుగో ముక్క అందుకుంటూ.

ఏగోన్ లేడు కదా, లోరెంట్స్‌కి ధైర్యం వచ్చింది. మొన్న నా తలుపు కింద చీటీ తోశాడు. శనివారం పదింటికి పారిస్ బాంకాయన, ఆయన భార్యా హెడీ వాటా చూడ్డానికి వస్తున్నారట. మెట్లు కడిగే వంతు ఈ వారం నాదే, ఎవరి వంతో చెప్పే అట్ట నా తలుపుకే వేలాడుతోంది. మెట్లు అద్దంలా ఉండాలని కింద గీత గీసి మరీ రాశాడు. నేను ఈ ఇంటికొచ్చాక నా వంతు ఒక్కసారి తప్పలేదు. ప్రసవానికి వెళ్ళే రోజు కూడా కడిగి వెళ్ళాను.

ఇవాళ శనివారం. రాత్రంతా వాన. వీధి చెట్ల ఆకులూ, బురదా, ఎవరి కుక్కదో పాదాల ముద్రలూ గుమ్మం నుంచి రెండో అంతస్తు దాకా ఉన్నాయి. తొమ్మిదిన్నరకి హెడీ రెయిలింగు మీంచి వంగి కిందికి చూసింది.

"ట్రౌడెల్! మెట్లు కడగలేదేమే?"

"నడుం నొప్పి హెడీ గారూ."

"ఎప్పణ్ణించి?"

"ఆ చీటీ వచ్చినప్పణ్ణించి."

పైన తలుపు మెల్లిగా మూసుకుంది. లోపల్నుంచి నవ్వు వినపడింది. నేను కాఫీ పెట్టుకుని, తలుపు ఓరగా తీసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పది కావస్తోంది. బకెట్టు వెనక వసారాలో బోర్లించే ఉంది.